ఆకాశం పెద్దదే, రన్‌వే ఒక్కటే: చిన్న విమానాల మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. ఎయిర్‌పోర్టుల చుట్టుపక్కల చిన్న విమానాలు ఒకదానికొకటి మరీ దగ్గరగా రావడం, ఒక్కోసారి ఢీకొనడం. రాసినవారిలో విదేశాల్లో పైలట్ శిక్షణకు పిల్లల్ని పంపిన తల్లిదండ్రులున్నారు, శిక్షణలో ఉన్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే ఇచ్చాం.

ముందుగా నాలుగు మాటలు పరిచయం చేసుకుందాం. దిగబోయే విమానం రన్‌వే పక్కన దీర్ఘచతురస్రంగా తిరిగే దారిని సర్క్యూట్ అంటారు. అమెరికాలో ప్యాటర్న్ అంటారు. రన్‌వేకి సమాంతరంగా, దిగే దిశకు వ్యతిరేకంగా వెళ్లే భాగం డౌన్‌విండ్. అక్కడ నుంచి రన్‌వే వైపు అడ్డంగా తిరిగితే బేస్. రన్‌వేకి ఎదురుగా సూటిగా వచ్చేది ఫైనల్.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్లోరిడాలో పైలట్ శిక్షణలో ఉన్నాడు. "ఇవాళ ఒక విమానం బాగా దగ్గరకొచ్చిందమ్మా" అని ఫోన్లో మామూలుగా చెప్పేశాడు. 2025 జూలైలో కెనడాలోని స్టెయిన్‌బాక్ దగ్గర ఇద్దరు విద్యార్థి పైలట్లు, అందులో ఒకరు కేరళ అబ్బాయి, ల్యాండింగ్ సాధన చేస్తూ ఢీకొని చనిపోయారని చదివిన దగ్గర్నుంచి నాకు భయంగా ఉంది. అంత ఆకాశం ఉండగా రెండు విమానాలు ఒకే చోటికి ఎలా వస్తాయి? (ఒక తల్లి, గుంటూరు)

జవాబు: అమ్మా, ఊరికి దూరంగా ఎగిరేటప్పుడు ఆకాశం నిజంగానే పెద్దది. రన్‌వే దగ్గర పడేకొద్దీ అది ఇరుకైపోతుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన విమానాలన్నీ నేల నుంచి సుమారు 1,000 అడుగుల ఎత్తుకు దిగి, ఒకే డౌన్‌విండ్ మీదకు చేరి, ఒకే ఫైనల్‌లోకి తిరిగి, ఒకే రన్‌వే మొదట్లో దిగాలి. పైగా అందరూ దాదాపు ఒకే సమయంలో వస్తారు. వాన పడే రోజు ఎవరూ ఎగరరు. ఎండ కాసిన ఆదివారం మధ్యాహ్నం అందరూ ఎగురుతారు.

అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఈ ప్రమాదాల గురించి ఏళ్లుగా చెబుతున్నది కూడా ఇదే. ఎక్కువ భాగం పట్టపగలు, దూరం చక్కగా కనిపించే వాతావరణంలో, ఎయిర్‌పోర్టుకు 5 మైళ్ల లోపల జరుగుతాయి. వాటిలోనూ ఫైనల్ మీద జరిగేవే ఎక్కువ. ఎదురెదురుగా వచ్చి కొట్టుకునేవాటి కన్నా, వేగంగా వెళ్లే విమానం నెమ్మదిగా వెళ్లేదాన్ని వెనక నుంచి అందుకున్న సందర్భాలే ఎక్కువగా కనిపిస్తాయి.

మరి కళ్లెదుట ఉన్నది కనపడదా అని మీకు అనిపిస్తుంది. రెండు చిన్న విమానాలు చెరో 90 నాట్ల (గంటకు 90 నాటికల్ మైళ్ల) వేగంతో ఎదురెదురుగా వస్తే వాటి మధ్య దూరం గంటకు 180 నాటికల్ మైళ్ల చొప్పున తరుగుతుంది. అంటే 20 సెకన్లకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు. ఆ దూరంలో సెస్నా 172 రెక్కల వెడల్పు, 11 మీటర్లు, చాచిన చెయ్యి దూరంలో పట్టుకున్న 4 మిల్లీమీటర్ల గీతంత ఉంటుంది. చూసిన క్షణం నుంచి విమానం నిజంగా పక్కకు తిరిగేదాకా 12.5 సెకన్లు పడుతుందని ఎఫ్‌ఏఏ లెక్క. చూడటానికి 0.1, అది విమానమని గుర్తుపట్టడానికి 1, తన మీదకే వస్తోందని తెలుసుకోవడానికి 5, ఎటు తిప్పాలో నిర్ణయించుకోవడానికి 4, చెయ్యి కదలడానికి 0.4, విమానం స్పందించడానికి 2 సెకన్లు. ఆ 20 సెకన్లలో 12.5 పోతే మిగిలేది ఏడున్నర.

మీ అబ్బాయి మీతో చెప్పడం చాలా మంచిది. కోప్పడి ఆ అలవాటు మాన్పించకండి. అదే మాట తన ఇన్‌స్ట్రక్టర్‌కి కూడా చెప్పాడా, కాగితం మీద పెట్టాడా అని మాత్రం అడగండి. ఎలా పెట్టాలో కింద మరో ప్రశ్నకు జవాబులో ఉంది.

ప్రశ్న: టెక్సస్‌లో కంట్రోల్ టవర్ లేని చిన్న ఎయిర్‌పోర్టులో శిక్షణ తీసుకుంటున్నాను. అందరం ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఎక్కడున్నామో చెబుతూనే ఉంటాం. అలా చెప్పుకుంటున్నప్పుడు కూడా ఢీకొనే అవకాశం ఉందా? (విద్యార్థి పైలట్)

జవాబు: ఉంది. కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో 2022 ఆగస్టు 18న జరిగింది ఇదే. అమెరికాలో ప్రజలు వాడుకునే సుమారు 5,000 ఎయిర్‌పోర్టుల్లో టవర్ ఉన్నవి 500 పైచిలుకు మాత్రమే. వాట్సన్‌విల్‌కి టవర్ లేదు. ఒక సెస్నా 152 రన్‌వే 20కి ఎడమ సర్క్యూట్‌లో దిగి లేస్తూ సాధన చేస్తోంది. రెండు ఇంజిన్ల సెస్నా 340 అదే రన్‌వేకి దూరం నుంచి సూటిగా వస్తున్నానని 10 మైళ్ల దగ్గర చెప్పింది, 3 మైళ్ల దగ్గర మళ్లీ చెప్పింది. ఇద్దరూ మాట్లాడారు. ఇద్దరూ విన్నారు కూడా. 152 ఫైనల్‌లోకి తిరిగింది. వెనక విమానం మరీ వేగంగా వస్తోందని గమనించిన పైలట్, తాను దిగకుండా పైకి లేచిపోతున్నానని రేడియోలో చెప్పాడు. అంతలోనే ఢీకొన్నాయి. రెండింటిలో ఉన్న ముగ్గురూ చనిపోయారు.

అసలు కారణం వేగం. సెస్నా 340 ఆ దశలో సుమారు 180 నాట్ల మీద ఉంది. ఆ రకం విమానాలు ఫైనల్‌లో మామూలుగా ఉండేది 120 నాట్ల దగ్గర. "3 మైళ్ల ఫైనల్" అన్న మాట విన్నవాడి మనసులో ఏం లెక్క వస్తుందో చూడండి. 90 నాట్లయితే రెండు నిమిషాలు. 120 అయితే నిమిషంన్నర. 180 అయితే ఒక్క నిమిషం. 65 నాట్ల మీద బేస్‌లో ఉన్న 152కి ఆ ఒక్క నిమిషం చాలదు. రేడియోలో చెప్పిన దూరం నిజమే, కానీ దాన్నుంచి వినేవాడు ఊహించుకున్న సమయం తప్పు.

అందుకే మాకు బలంగా అనిపించేది ఒకటుంది. సర్క్యూట్‌లో ప్రాణాలు కాపాడేది, ఎదుటి పైలట్ మీరు ఎక్కడ, ఏ ఎత్తులో, ఎంత వేగంలో ఉంటారని అనుకుంటాడో సరిగ్గా అక్కడే మీరు ఉండటం. రేడియో ఆ పనికి సాయం మాత్రమే. టవర్ లేని చోట రేడియో తప్పనిసరి కూడా కాదు. కరెంటు వ్యవస్థే లేని పాత పైపర్ కబ్ ఒకటి మౌనంగా మీ ముందు దిగుతూ ఉండొచ్చు. అది చట్టబద్ధమే.

ఇక చేయాల్సిన పద్ధతి. 10 మైళ్ల దూరం నుంచి వినడం, చెప్పడం మొదలుపెట్టండి. అంతకన్నా ముందే వింటే ఏ రన్‌వే వాడుతున్నారో, ఎంతమంది ఉన్నారో బొమ్మ కట్టుకోవచ్చు. మాట వరస ఇలా ఉండాలి: "వాట్సన్‌విల్ ట్రాఫిక్, సెస్నా ఫలానా, 10 మైళ్ల దక్షిణాన, 2,500 అడుగులు, ఎడమ డౌన్‌విండ్ రన్‌వే 20లోకి వస్తున్నాను, వాట్సన్‌విల్." ఊరి పేరు మొదట్లోనూ చివర్లోనూ చెప్పడం అలంకారం కాదు. 122.8 లాంటి ఒకే ఫ్రీక్వెన్సీని ఆ చుట్టుపక్కల నాలుగైదు ఎయిర్‌పోర్టులు పంచుకుంటాయి, మొదటి పదం తరచూ మరొకరి మాట కింద నలిగిపోతుంది.

తర్వాత డౌన్‌విండ్ మధ్యభాగంలోకి 45 డిగ్రీల కోణంలో, అప్పటికే సర్క్యూట్ ఎత్తుకు చేరి ప్రవేశించండి. దిగుతూ దిగుతూ చేరితే కింద ఉన్నవాడి నెత్తిమీద పడతారు. రన్‌వేకి అవతలి వైపు నుంచి వస్తుంటే, సర్క్యూట్ కన్నా కనీసం 500 అడుగులు పైన మధ్యలోంచి దాటి, సుమారు 2 మైళ్లు బయటకు వెళ్లి, అక్కడ దిగి తిరిగి 45 డిగ్రీలతో రండి. ఒక చిక్కుంది. జెట్లు, టర్బోప్రాప్‌లు 1,500 అడుగుల సర్క్యూట్ వాడతాయి. అవి ఉన్నచోట మీరు 1,500 దగ్గర దాటితే వాటి దారిలోనే దాటినట్టు. అప్పుడు 2,000 అడుగుల మీద దాటాలి.

ముందు విమానానికి దగ్గరైపోతే డౌన్‌విండ్‌లో గుండ్రంగా ఒక చుట్టు తిరగకండి. మీ వెనక ఉన్నవాడు అది ఊహించడు, మీరు తిరిగేది అతని ముఖం మీదకే. వేగం తగ్గించండి, డౌన్‌విండ్ పొడిగించండి, ఆ సంగతి చెప్పండి. లేచిన తర్వాత కూడా రన్‌వే చివర దాటి, సర్క్యూట్ ఎత్తుకు 300 అడుగుల లోపలికి వచ్చేదాకా అడ్డంగా తిరగకండి.

ఇన్‌స్ట్రుమెంట్ సాధన, అంటే పరికరాల ఆధారంగానే దిగే సాధన, చేసేవాళ్లకు ఒక విన్నపం. "ఆర్‌నావ్ 14, ఫలానా ఫిక్స్ ఇన్‌బౌండ్" అంటే పది గంటల సోలో విద్యార్థికి ఏమీ అర్థం కాదు. ఎన్ని మైళ్లు, ఏ దిక్కు, ఎంత వేగం, దిగుతున్నారా పైకి లేస్తున్నారా, ఇవి చెప్పండి. "ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లందరూ చెప్పండి" అని అడిగే అలవాటు కూడా మానాలని ఎఫ్‌ఏఏ స్పష్టంగా రాసింది. నలుగురు ఒకేసారి బదులిస్తే ఎవరి మాటా వినపడదు.

ప్రశ్న: టవర్ ఉన్న ఎయిర్‌పోర్టులో అయితే వేరుగా ఉంచే బాధ్యత టవర్‌దే కదా? (హనుమకొండ)

జవాబు: పెద్ద విమానాల సంగతి వేరు. కంటిచూపుతో ఎగిరే రెండు చిన్న విమానాల విషయంలో, అమెరికాలో క్లాస్ డి అని పిలిచే మామూలు టవర్ ఎయిర్‌పోర్టులో, కంట్రోలర్ వరస కడతాడు, రన్‌వే మీద రెండు ఒకేసారి లేకుండా చూస్తాడు, పక్కన ఎవరున్నారో చెబుతాడు. గాల్లో రెంటినీ వేరుగా ఉంచే పూచీ అతనిది కాదు. చూసి తప్పుకోవడం పైలట్ల పనే.

సమాంతర రన్‌వేలు ఉన్నచోట ఇది మరీ గుర్తుంచుకోవాలి. డెన్వర్ శివార్లలోని సెంటెనియల్‌లో 2021 మే 12న ఒక సిరస్ ఎస్‌ఆర్22 రన్‌వే 17ఆర్‌కి (కుడిది), ఒక మెట్రోలైనర్ సరుకు విమానం 17ఎల్‌కి (ఎడమది) దిగుతున్నాయి. ఇద్దరు పైలట్లూ వేరు వేరు ఫ్రీక్వెన్సీల మీద వేరు వేరు కంట్రోలర్లతో మాట్లాడుతున్నారు. సిరస్ పైలట్ ఆ పెద్ద విమానం కనిపించిందన్నాడు. కానీ బేస్ నుంచి ఫైనల్‌కి తిరిగేటప్పుడు తన గీత దాటి పక్క రన్‌వే గీత మీదకు వెళ్లిపోయాడు. మెట్రోలైనర్ వెన్ను చీరుకుపోయినా దిగగలిగింది, సిరస్ తన పారాచూట్‌తో నేల చేరింది. ఎవరికీ గాయాలు కాలేదు. నార్త్ లాస్ వేగాస్‌లో 2022 జూలై 17న అంత అదృష్టం లేదు. 30ఎల్ మీద దిగమని అనుమతి తీసుకున్న పైపర్ పీఏ-46, పక్కనున్న 30ఆర్ వైపు తిరిగి అక్కడ ఫైనల్‌లోకి వస్తున్న సెస్నా 172ని ఢీకొంది. నలుగురు పోయారు.

రెండు చోట్లా అనుమతి సరైనదే, చేరిన గీత తప్పు. సమాంతర రన్‌వేలకు వెళ్లేటప్పుడు జీపీఎస్‌లో మీ రన్‌వే మధ్యగీతను ముందుకు పొడిగించి తెర మీద పెట్టుకోండి. బేస్‌లో గాలి వెనక నుంచి తోస్తుంటే మామూలు కన్నా ముందే తిరగడం మొదలుపెట్టండి. ఒకవేళ గీత దాటిపోతే రడ్డర్ (తోక చుక్కాని) నొక్కి బలవంతంగా వెనక్కి లాగకండి, తక్కువ ఎత్తులో అది స్టాల్‌కి (రెక్కలు ఎత్తే శక్తి కోల్పోవడం), స్పిన్‌కి (గిరగిరా తిరుగుతూ పడిపోవడం) దారి. పైకి లేస్తున్నానని వెంటనే టవర్‌కి చెప్పండి. తిరగకముందు "30ఎల్, ఎడమది" అని పైకి అనుకోవడం చిన్న పనే, కానీ పనిచేస్తుంది.

ప్రశ్న: ఇద్దరూ ఒకేసారి వస్తే దారి ఎవరు ఇవ్వాలి? (నెల్లూరు)

జవాబు: అడ్డంగా కలుస్తుంటే, మీ కుడి వైపు ఉన్న విమానానిది దారి. ఎదురెదురైతే ఇద్దరూ కుడికి తిరగాలి. దాటిపోయేవాడు కుడి పక్కనుంచి, చాలినంత ఎడంగా దాటాలి. ఫైనల్‌లో ఉన్నవాడికి, నేల మీద ఉన్నవారి కన్నా, గాల్లో వేరేచోట ఉన్నవారి కన్నా ముందు హక్కు. ఇద్దరూ దిగుతుంటే కింద ఉన్నవాడిది దారి, కానీ ఆ నియమాన్ని అడ్డం పెట్టుకుని మరొకరి ముందు దూరకూడదని అమెరికా నియమంలోనే రాసి ఉంది. ఆపదలో ఉన్న విమానానికి అందరూ దారివ్వాలి. హక్కు మీదే అయినా అవతలివాడు మిమ్మల్ని చూశాడన్న హామీ లేదు కనుక తప్పుకోండి.

ప్రశ్న: నా టాబ్లెట్‌లో చుట్టుపక్కల విమానాలన్నీ కనిపిస్తాయి. ఇంకా బయటకు వెతకాల్సిన అవసరం ఏముంది? (డాలస్ నుంచి ఒక ప్రైవేట్ పైలట్)

జవాబు: "అన్నీ" అన్న మాటే సరికాదు. 2020 జనవరి 1 నుంచి అమెరికాలో పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ 30 మైళ్ల వలయంలో, క్లాస్ బి, సి అని పిలిచే రద్దీ ఎయిర్‌పోర్టుల గగనతల పరిధుల్లో, సాధారణంగా 10,000 అడుగుల పైన ఎగరాలంటే తమ స్థానాన్ని ప్రసారం చేసే ఏడీఎస్-బీ అవుట్ ఉండాలి. ఆ హద్దులకు బయట ఉన్న పల్లె ఎయిర్‌పోర్టులో అది లేకుండా ఎగరడం నేరం కాదు. కరెంటు వ్యవస్థ లేకుండా తయారైన విమానాలకు పెద్ద ఎయిర్‌పోర్టుల వలయంలో కూడా కొన్ని మినహాయింపులున్నాయి. ఇతరుల ప్రసారాన్ని అందుకునే ఏడీఎస్-బీ ఇన్ ఎవరికీ తప్పనిసరి కాదు.

ఆ ప్రసారం రెండు ఫ్రీక్వెన్సీల మీద సాగుతుంది, 978 మెగాహెర్ట్జ్, 1090 మెగాహెర్ట్జ్. మీ రిసీవర్ ఒక్కదాన్నే పట్టేదైతే రెండో గుంపును నేరుగా చూడలేరు. గ్రౌండ్ స్టేషన్ ఆ లోటు పూడుస్తుంది, రాడార్‌కు కనిపించే పాత విమానాలనూ చేర్చి పంపుతుంది. కానీ ఏడీఎస్-బీ అవుట్ ఉన్న విమానం చుట్టూ 15 నాటికల్ మైళ్లు, పైకీ కిందికీ 3,500 అడుగుల వరకే ఆ పొట్లం కడుతుంది. మీ విమానానికి అవుట్ లేకపోతే మీకు వచ్చేది వేరొకరి కోసం కట్టిన పొట్లంలోని ముక్క. పైగా సర్క్యూట్ ఎత్తులో, కొండల వెనక, గ్రౌండ్ స్టేషన్ అందకపోవచ్చు. రిసీవర్‌ను డాష్‌బోర్డ్ మీద పెడితే మీ ఇంజిన్, రెక్క, మీ ఒళ్లు కూడా సిగ్నల్‌కు అడ్డు. రెండు బ్యాండ్లు పట్టేది తీసుకుని, యాంటెన్నా నిలువుగా, కిటికీకి దగ్గరగా ఉంచండి.

దాని అసలు ఉపయోగం 10 మైళ్ల నుంచి 3 మైళ్ల దాకా. ఎవరు ఎటు నుంచి వస్తున్నారో చూసి, ఆ దిక్కున కళ్లతో వెతకడానికి. సర్క్యూట్‌లోకి వచ్చాక తెర నిండా బాణాలే, సెకనో రెండో పాత స్థానాలు. అక్కడ టాబ్లెట్ చూస్తూ ఫైనల్‌కి తిరిగేవాడు బయట చూడటం మానేసినట్టే. హెచ్చరికను హెడ్‌సెట్‌లో వినపడేలా పెట్టుకుని, తెరను వదిలేయండి.

ప్రశ్న: ఎయిర్‌లైన్ విమానాల్లో ఉండే టీక్యాస్ (ఢీకొనే ప్రమాదాన్ని పసిగట్టి పైలట్‌ను హెచ్చరించే పరికరం) చిన్న విమానాల్లో ఎందుకు పెట్టరు? (రాజమహేంద్రవరం)

జవాబు: 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రి మీద సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఢీకొని 349 మంది చనిపోయాక మన దేశం దాన్ని తప్పనిసరి చేసింది. అంతర్జాతీయ నియమం 5,700 కిలోలు దాటిన లేదా 19 మందికి మించి ప్రయాణికులు పట్టే టర్బైన్ విమానాలకు వర్తిస్తుంది. చిన్న విమానానికి దాని ఖర్చు, బరువు, కరెంటు మోయడం కష్టం. అంతకన్నా ముఖ్యంగా, "పైకి వెళ్లు, కిందికి దిగు" అనే దాని ఆదేశాలు నేల నుంచి సుమారు 1,000 అడుగుల లోపు ఆగిపోతాయి. సర్క్యూట్‌లో ప్రమాదాలు జరిగేది సరిగ్గా అక్కడే.

ప్రశ్న: బయటకు చూడు, చూడు అని ఇన్‌స్ట్రక్టర్ అంటూనే ఉంటారు. చూస్తూనే ఉన్నా నాకు ఏమీ కనపడదు. ఎలా చూడాలి? (శిక్షణలో ఉన్న అమ్మాయి, అరిజోనా)

జవాబు: చూపును గాజు మీద అలా జారనిస్తే కన్ను ఏదీ పట్టుకోదు. ఆకాశాన్ని 10 డిగ్రీల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క మీద కనీసం ఒక సెకను నిలపండి. తర్వాతి ముక్కకు జరగండి. బయట 16 సెకన్లు, లోపల 4 నుంచి 5 సెకన్లు, ఇదీ నిష్పత్తి. ఖాళీ ఆకాశాన్ని చూస్తుంటే కన్ను తనకు తానే కొద్ది అడుగుల దూరానికి ఫోకస్ దించేసుకుంటుంది. అందుకని మధ్యమధ్యలో దూరంగా ఉన్న కొండనో, మబ్బు అంచునో చూసి ఫోకస్‌ను దూరానికి లాగండి.

కదిలే చుక్క సులువుగా కనపడుతుంది. గాజు మీద ఒకే చోట కదలకుండా ఉండి, నెమ్మదిగా పెద్దదవుతున్న చుక్కే మీతో ఢీకొనేది. అది సరిగ్గా కిటికీ కమ్మీ వెనక నిలబడితే చివరిదాకా కనపడదు. తల ముందుకూ పక్కకూ వంచి చూడటం అందుకే.

మీ విమానంలో గుడ్డి చోటు ఎక్కడో తెలుసుకోండి. సెస్నా రెక్క పైన ఉంటుంది కనుక ఎటు తిరుగుతారో ఆ వైపే కప్పేస్తుంది. తిరగకముందు ఆ రెక్కను కాస్త ఎత్తి చూడాలి. పైపర్ రెక్క కింద ఉంటుంది, కింద ఉన్నది కనపడదు. ఫైనల్‌లో పైనుంచి దిగే పైపర్‌కు కింద సెస్నా కనపడదు, సెస్నాకు పైన పైపర్ కనపడదు. ఇద్దరూ జాగ్రత్తగా చూస్తున్నా ఒకరికొకరు కనపడని జోడీ ఇది. సర్క్యూట్ ఎత్తు, దిగే కోణం అందరూ ఒకేలా పాటించాలనడానికి ఇదే పెద్ద కారణం.

ఎగిరే ముందు అద్దం తుడవండి. పురుగు మరక ఒకటి చాలు, దూరపు విమానాన్ని దాచడానికి. 10 మైళ్ల లోపల ల్యాండింగ్ లైటు పగలు కూడా వేసి ఉంచండి. శిక్షణ ప్రాంతంలో స్టాల్స్, స్టీప్ టర్న్స్ మొదలుపెట్టే ముందు 90 డిగ్రీల మలుపులు రెండు తీసుకుని చుట్టూ చూడండి. పక్కన ఎవరైనా కూర్చుంటే వాళ్ల కళ్లనూ వాడుకోండి, "విమానం కనిపిస్తే వేలుతో చూపించండి" అని ముందే చెప్పండి.

ప్రశ్న: అమెరికాలో శిక్షణ అయింది. బేగంపేటలో ఎగరబోతున్నాను. ఈ విషయంలో ఏం మారుతుంది? (సికింద్రాబాద్)

జవాబు: బేగంపేటకు టవర్ ఉంది. దాని చుట్టూ హకీంపేట, దుండిగల్ వైమానిక దళ స్థావరాలు, శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఉన్నాయి కనుక గాలిలో హద్దులు ఇరుకు. అమెరికాలోలా ఇష్టమైన వైపు తిరిగి వెళ్లడం కుదరదు. మీకిచ్చిన సెక్టార్, ఎత్తు, రిపోర్టింగ్ పాయింట్లు మ్యాప్ మీద గీసుకుని, నోటికి వచ్చాకే ఎక్కండి.

ఎక్కువమంది తడబడేది గాలి పీడనం అంకె పెట్టి ఎత్తు చూసుకునే ఆల్టిమీటర్ దగ్గర. అమెరికాలో ఆ పీడనానికి 29.92 లాంటి అంగుళాల లెక్క అలవాటైంది. ఇక్కడ 1013 లాంటి హెక్టోపాస్కల్స్ ఇస్తారు. ఒక్క హెక్టోపాస్కల్‌కు సుమారు 27 నుంచి 30 అడుగుల తేడా. 1003 అన్నది 1013 అని విని పెట్టుకుంటే మీటర్ దాదాపు 300 అడుగులు ఎక్కువ చూపిస్తుంది, అంటే మీరు అనుకున్నదాని కన్నా అంత కింద ఉంటారు. అందరూ సర్క్యూట్ ఎత్తులో ఉంటే మీరొక్కరు వాళ్ల పొట్ట కింద. విన్న అంకెను తిరిగి చెప్పండి. ఎక్కేముందు మీటర్ ఎయిర్‌పోర్టు ఎత్తు, బేగంపేటలో సుమారు 1,740 అడుగులు, చూపిస్తోందా అని సరిచూడండి. ట్రాన్స్‌పాండర్ (కంట్రోలర్ రాడార్‌కు బదులిచ్చే పరికరం) పంపే ఎత్తు ఎప్పుడూ 1013 ఆధారంగానే వెళ్తుంది. కాబట్టి "మీ ఎత్తు ఎంత" అని కంట్రోలర్ రెండోసారి అడిగితే, ముందుగా ఆల్టిమీటర్ సెట్టింగ్ చూసుకోండి.

ప్రశ్న: మరీ దగ్గరగా తప్పించుకున్నాం. ఫిర్యాదు చేస్తే నా లైసెన్సుకే ఎసరు వస్తుందేమోనని ఊరుకున్నాను. తప్పు చేశానా? (పేరు వద్దన్న విద్యార్థి, అమెరికా)

జవాబు: ఇప్పుడైనా రాయండి, రోజులు లెక్క చూసుకుని. 500 అడుగుల లోపు దగ్గరైనా, అంతకన్నా దూరమైనా ఢీకొనే ప్రమాదం ఉందని పైలట్‌కి అనిపించినా, ఎఫ్‌ఏఏ దాన్ని నియర్ మిడ్‌ఎయిర్ కొలిజన్‌గా తీసుకుంటుంది. గాల్లో ఉండగా చెప్పాలంటే స్పష్టంగా "నియర్ మిడ్‌ఎయిర్ కొలిజన్ రిపోర్ట్ చేస్తున్నాను" అనాలి. "అబ్బ, చాలా దగ్గరగా వెళ్లింది" అంటే కంట్రోలర్ దాన్ని మాటవరసకే తీసుకుంటాడు.

రెండో దారి నాసా నడిపే ఏఎస్‌ఆర్‌ఎస్, అంటే విమాన భద్రతా ఘటనలను రాసిచ్చే వ్యవస్థ. 1976 నుంచి ఉంది. ఎఫ్‌ఏఏ బదులు నాసా నడపడానికి కారణమే రాసినవాళ్లకు నమ్మకం కలగడం. ఫారంలో మీ పేరున్న పట్టీని చించి, అందినట్టు ముద్ర వేసి మీకే తిరిగి పంపిస్తారు. మిగిలిన దాంట్లో మిమ్మల్ని గుర్తుపట్టే వివరాలు తీసేస్తారు. ఘటన జరిగిన 10 రోజుల లోపు పంపి ఉంటే, తప్పు మీదేనని తర్వాత తేలినా, అది కావాలని చేసింది కాకపోతే, ప్రమాదమో నేరమో కాకపోతే, గత 5 ఏళ్లలో మరో ఉల్లంఘన లేకపోతే, ఎఫ్‌ఏఏ జరిమానా గానీ లైసెన్సు సస్పెన్షన్ గానీ అమలు చేయదు. ఆ పట్టీ జాగ్రత్తగా దాచుకోండి.

దిగిన వెంటనే, ఎవరితోనూ చర్చించకముందు, కాగితం మీద రాసుకోవాల్సినవి: సమయం, చోటు, ఎత్తు, మీ దిశ, అవతలి విమానం రెక్క పైనా కిందా, రంగు, ఎటు నుంచి ఎటు, ఎంత దూరం, రేడియోలో ఎవరేమన్నారు, ఎవరు ఎటు తప్పుకున్నారు. గంట గడిస్తే దూరం అంకె మారిపోతుంది. మన దేశంలో అయితే ఎయిర్‌ప్రాక్స్ (విమానాలు ప్రమాదకరంగా దగ్గరకు రావడం) అని చెప్పి వెంటనే ఏటీసీకి, అంటే కంట్రోలర్‌కి, రేడియోలో, దిగాక రాతపూర్వకంగా ఇవ్వాలి.

ప్రశ్న: మా అమ్మాయికి ఫ్లయింగ్ స్కూల్ చూస్తున్నాం. ఈ ప్రమాదం కోణం నుంచి వాళ్లను ఏం అడగాలి? (ఒక తండ్రి, విజయవాడ)

జవాబు: విమానాలు ఎన్ని ఉన్నాయన్నది కాకుండా, రద్దీ గంటలో సర్క్యూట్‌లో ఒకేసారి ఎన్ని ఉంటాయో అడగండి. సోలో విద్యార్థిని పంపడానికి ఎన్ని విమానాల దగ్గర ఆపేస్తారో కాగితం మీద హద్దు ఉందా అని అడగండి. శిక్షణ ప్రాంతాన్ని గడులుగా విడగొట్టి ఎవరు ఏ గడిలో, ఏ ఎత్తులో ఉంటారో కేటాయిస్తారా? పక్క స్కూళ్లతో ఒకే ఫ్రీక్వెన్సీ వాడే ఒప్పందం ఉందా? ప్రతి విమానంలో ఏడీఎస్-బీ ఇన్ రెండు బ్యాండ్లూ పట్టేదేనా, లేక విద్యార్థి కొనుక్కోవాలా?

చివరిగా, గత మూడు నెలల్లో మీ విద్యార్థులు రాసిచ్చిన దగ్గరి తప్పింపుల రిపోర్టులు ఎన్ని, వాటి తర్వాత ఏం మార్చారు అని అడగండి. ఒక్కటీ లేదని గర్వంగా చెప్పే స్కూల్ కన్నా, ఫైలు తెరిచి ఫలానా రిపోర్టు వల్ల ఫలానా గంటలో సోలోలు తగ్గించామని చూపించే స్కూల్‌కే మా ఓటు. వీలైతే ఒక శనివారం ఉదయం అక్కడే కంచె దగ్గర నిలబడి, రేడియో రిసీవర్‌తో గంటసేపు వాళ్ల ఫ్రీక్వెన్సీ వినండి.